సూక్ష్మనాళికలలో ద్రవాల కలయిక, 4వ పాఠం: కలిశాయని ఎలా తెలుసుకోవాలి?

గత పాఠంలో వై ఆకారపు నాళికలోకి రెండు సిరంజి పంపులతో రంగునీటిని, మామూలు నీటిని పంపి చూశాం. అవి ఒకదాని పక్కన ఒకటి గీత గీసినట్టుగా చివరిదాకా కలవకుండానే సాగిపోయాయి. అలా ఎందుకు జరిగిందో ముందు అంకెలతో తేల్చుకుని, ఆ తర్వాత కలయికను కొలవడం నేర్చుకుందాం.

నాళిక వెడల్పు 200 మైక్రోమీటర్లు, లోతు 100 మైక్రోమీటర్లు అనుకోండి. లిపిడ్లు కరిగి ఉన్న ఇథనాల్‌ను నిమిషానికి 0.25 మిల్లీలీటర్ల చొప్పున, ఆర్ఎన్ఏ ఉన్న ఆమ్ల బఫరును (ఆమ్లత్వం మారకుండా నిలిపే ద్రావణాన్ని) 0.75 మిల్లీలీటర్ల చొప్పున పంపుతున్నాం. లిపిడ్ నానోకణాల (ఆర్ఎన్ఏను లోపల పెట్టుకునే అతిసూక్ష్మ కొవ్వు కణాల) తయారీలో ఈ 1:3 నిష్పత్తి తరచుగా కనిపిస్తుంది. మొత్తం ప్రవాహాన్ని నాళిక అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే సగటు వేగం సెకనుకు సుమారు 0.83 మీటర్లు వస్తుంది. నీటి సాంద్రత, స్నిగ్ధత విలువలతో లెక్కిస్తే రెనాల్డ్స్ సంఖ్య (ద్రవపు జడత్వం దాని చిక్కదనంకంటే ఎంత బలమైనదో చెప్పే అంకె) 110 దగ్గర తేలుతుంది. గొట్టాలలో ప్రవాహం అల్లకల్లోలంగా మారాలంటే ఆ సంఖ్య సుమారు 2000 దాటాలి. పైగా ఇథనాల్, నీరు కలిసినప్పుడు ఏర్పడే మిశ్రమం ఆ రెండింటికంటే చిక్కగా ఉంటుంది కనుక, నాళిక లోపలి అసలు విలువ ఇంకా తక్కువే. కాబట్టి ఇక్కడ ద్రవాలను కలిపేది సుడులు కాదు, అణువుల వ్యాపనం (అవి తమంతట తాము కదులుతూ పరచుకోవడం) మాత్రమే.

వ్యాపనానికి పట్టే కాలాన్ని అంచనా వేయడానికి ద్రవపు చార మందాన్ని వర్గం చేసి వ్యాపన గుణకంతో భాగించాలి. నీటిలో ఇథనాల్ వంటి చిన్న అణువులకు ఆ గుణకం సెకనుకు 0.000000001 చదరపు మీటరు స్థాయిలో ఉంటుంది. చార 100 మైక్రోమీటర్లు ఉంటే కలయికకు దాదాపు 10 సెకన్లు పడుతుంది. ఆ 10 సెకన్లలో మన ద్రవం 8 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది, నాళిక చెక్కిన చిప్ చూస్తే కొన్ని సెంటీమీటర్లే! అదే చార మందం 1 మైక్రోమీటరుకు తగ్గితే 1 మిల్లీసెకను చాలు, అంటే ఒక మిల్లీమీటరు కూడా నడవనక్కరలేదు. మందం సగమైతే కాలం నాలుగో వంతు అవుతుందన్న ఈ ఒక్క సంబంధం మీదే మిక్సర్ల రూపకల్పన అంతా నిలబడి ఉంది.

చారలను సన్నం చేసే మార్గాలలో బాగా ప్రసిద్ధమైనది 2002లో స్ట్రూక్, వైట్‌సైడ్స్ బృందం ప్రకటించిన చేపముల్లు మిక్సర్. నాళిక అడుగున చేపముల్లు ఆకారంలో ఏటవాలు గాడులు చెక్కి, కొన్ని గాడులకొకసారి ఆ ముల్లు కొనను ఎడమకూ కుడికీ జరుపుతారు. ద్రవం ఆ గాడుల మీదుగా పోతూ సాగి, మడతపడి, మళ్లీ సాగుతుంది. తక్కువ రెనాల్డ్స్ సంఖ్యల వద్ద ఎన్ని మడతలు పడతాయన్నది దాటిన గాడుల సంఖ్యను బట్టి ఉంటుంది గాని వేగాన్ని బట్టి పెద్దగా మారదు. అందుకే ప్రవాహాన్ని పెంచితే అవే మడతలు మరింత తక్కువ కాలంలో పూర్తవుతాయి.

ఈ తొందర అంతా దేనికంటే, ఇథనాల్ పలచబడగానే లిపిడ్లు కరిగి ఉండలేక కణాలుగా గుమికూడడం మొదలుపెడతాయి. కలయిక నెమ్మదిగా సాగితే ఇథనాల్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలు చాలాసేపు మిగిలిపోయి, అక్కడి కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి లావెక్కుతాయి. గుమికూడే వేగంకంటే కలిసే వేగం ఎక్కువైతే చిన్నవి, ఒకే పరిమాణంలో ఉన్నవి వస్తాయి.

ఇక కొలతకు వద్దాం. మెరిసే రంగు వేసిన ద్రవాన్ని పంపి, నాళిక అడ్డంగా ఒక గీత మీద కాంతి తీవ్రతలను 0 నుంచి 1 మధ్య రాసుకోండి. వాటి ప్రామాణిక విచలనాన్ని, అసలు కలవని స్థితిలోని విచలనంతో భాగించి, 1 నుంచి తీసివేస్తే కలయిక సూచిక వస్తుంది. ఉదాహరణకు రంగును ఇథనాల్ వైపు వేశారనుకోండి, తీవ్రతలు 0.10, 0.15, 0.25, 0.35, 0.40. సగటు 0.25, విచలనం 0.114. కలవని స్థితి విచలనం ఇక్కడ 0.5 కాదు: 1:3 నిష్పత్తిలో అది 0.25ను 0.75తో గుణించి తీసిన వర్గమూలం, అంటే 0.433. కాబట్టి సూచిక 0.74. పొరపాటున 0.5 వేసుకుంటే 0.77 వచ్చి, మిక్సర్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. నేను మొదట్లో చాలాకాలం ఈ తప్పే చేశాను.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మామూలు సూక్ష్మదర్శిని పైనుంచి చూస్తుంది కనుక లోతు పొడవునా ఉన్న కాంతినంతా ఒక్కటిగా కూడేస్తుంది. రంగు ద్రవం అడుగున, రంగులేనిది పైన పొరలుగా పడుకుని ఉన్నా, చిత్రం అంతటా ఒకే తీవ్రత కనిపించి సూచిక 1 దగ్గరకు చేరుతుంది. చేపముల్లు గాడులు ద్రవాన్ని నిలువుగా కూడా తిప్పుతాయి కాబట్టి ఈ భ్రమ అక్కడే ఎక్కువ. ఒక్కో లోతును విడిగా చూడగల కాన్ఫోకల్ సూక్ష్మదర్శినితో అడ్డుకోతను పొరలు పొరలుగా తీస్తేనే నిజం తెలుస్తుంది.

కాన్ఫోకల్ అందుబాటులో లేనివారికి కణాలనే సాక్ష్యంగా అడిగే దారి ఉంది. నిజానికి నాకు దానిమీదే నమ్మకం ఎక్కువ. ద్రవాల నిష్పత్తిని 1:3 వద్దే ఉంచి, మొత్తం ప్రవాహాన్ని అంచెలంచెలుగా పెంచుతూ ప్రతిసారీ కణాల పరిమాణాన్ని కాంతి పరిక్షేపణ పరికరంతో కొలవండి. మొదట పరిమాణం తగ్గుతూ వచ్చి, ఒక ప్రవాహం దాటాక ఇక తగ్గకుండా నిలకడగా ఉంటుంది. ఆ నిలకడ మొదలైన చోట కలయిక, కణాలు గుమికూడే వేగాన్ని మించిందని అర్థం. నమూనాను చిప్ నుంచి రాగానే బఫరుతో పలచన చేయడం మరవకండి. ఇథనాల్‌లో వదిలేస్తే కణాలు గిన్నెలోనూ పెరుగుతూనే ఉంటాయి, అప్పుడు మీరు కొలిచేది మిక్సర్ పనితనాన్ని కాదు, మీ ఆలస్యాన్ని.

అభ్యాసం: పై నాళిక పొడవు 2 సెంటీమీటర్లు. నిమిషానికి 1 మిల్లీలీటరు వద్ద ద్రవం అందులో 24 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆ వ్యవధిలో కలయిక పూర్తి కావాలంటే 100 మైక్రోమీటర్ల చారను ఎన్నిసార్లు సగం చేయాలి (ఒక్కో మడతకు చార సగమవుతుందనుకోండి)? ప్రవాహాన్ని 4 మిల్లీలీటర్లకు పెంచితే ఎన్ని మడతలు అదనంగా కావాలి? జవాబులు 5, 1. లెక్క ఎలా వచ్చిందో మీ పుస్తకంలో రాసి ఉంచుకోండి, 5వ పాఠంలో వంపు నాళికల మిక్సర్‌ను దానితోనే మొదలుపెడతాం.