పడవ మీది అపశకునాలను నమోదు చేయడం ఎలా

మత్స్యకారుల నమ్మకాల మీద పరిశోధన పత్రమో పత్రికా వ్యాసమో రాయదలచినవారు చాలామంది తీరానికి వెళ్ళి ఒక జాబితాతో తిరిగి వస్తారు. ఫలానా వారం వేటకు వెళ్ళరు, పడవ మీద ఫలానా మాట అనరు, ఈల వేయరు అన్న వరస చదవడానికి సరదాగానే ఉంటుంది గాని, దానివల్ల తెలిసేది బహు తక్కువ. ఏ నమ్మకం ఏ ప్రమాదాన్ని అంటిపెట్టుకొని ఉన్నదో పక్కనే రాసుకుంటేనే అది పనికివచ్చే సమాచారం అవుతుంది.

ముందుగా కాలం చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవలకు సముద్రంలో వేట నిషేధం. వలలు బాగుచేసుకుంటూ, పడవలకు రంగులు వేసుకుంటూ జాలరులు ఒడ్డునే ఉండే ఆ రోజుల్లో మాట్లాడే తీరిక దొరుకుతుంది. వేట సాగే రోజుల్లో, తెల్లవారుజామున పడవను నీటిలోకి తోస్తున్నవారిని ఆపి ప్రశ్నలు వేయకండి. బయల్దేరేవారిని ‘ఎక్కడికి’ అని అడగడమే మన ఊళ్ళలో అపశకునం గనుక మీరే ఆ జాబితాలోకి ఎక్కే ప్రమాదం ఉంది.

‘మీకు ఏయే మూఢనమ్మకాలు ఉన్నాయి’ అని ఎన్నడూ అడగకూడదు. ఆ ప్రశ్నకు లేవనే జవాబు వస్తుంది. వేటకు వెళ్ళే ముందు రోజు ఇంట్లో ఏమేం చేస్తారు, కొత్త పడవను మొదటిసారి నీటిలోకి దింపినప్పుడు ఏం చేశారు, వరుసగా వల ఖాళీగా వస్తే ఎవరి దగ్గరికి వెళతారు అని పనుల గురించి అడిగితే నమ్మకాలు వాటంతట అవే బయటికి వస్తాయి.

తరువాత చేయవలసినది, అసలైనది కూడా, పోల్చి చూడడం. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవులలో గమనించినది ఇదే: తీరాన్ని ఆనుకొని ఉన్న ప్రశాంతమైన ఉప్పునీటి మడుగులో చేపలు పట్టేవారికి మంత్రతంత్రాల అవసరం కలగలేదు, బయటి సముద్రంలోకి వెళ్ళే వేటకు మాత్రం విస్తారమైన తంతు ఉండేది. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ దక్షిణ తీరపు జాలరుల మీద 1976లో వెలువడిన ఒక అధ్యయనం కూడా, అదే రోజు ఇల్లు చేరేవారికంటే రోజుల తరబడి సముద్రంలో ఉండేవారే ఎక్కువ నిషేధాలు పాటిస్తారని చూపింది. మీరు కూడా పులికాట్ సరస్సులో వల వేసేవారిని, సముద్రంలోకి వెళ్ళేవారిని అవే ప్రశ్నలు అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడండి. చేపలు పడడానికి సంబంధించిన నమ్మకం వేరు, ప్రాణానికి సంబంధించినది వేరు. ఈ రెండింటినీ ఒకే గంపలో వేయకూడదు. చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఇప్పుడు ముందుగా సమాచారం పంపుతున్నది గనుక, అది వచ్చాక ఏ అలవాటు సడలింది, ఏది నిలిచింది అని కూడా తప్పక అడగండి.

నిషిద్ధమైన మాటల విషయంలో ఒడ్డునే అడగడం మేలు. స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవులలో ఆరు తెడ్ల, పైకప్పు లేని పడవల మీద దూర సముద్రానికి వెళ్ళేవారు పిల్లి, చర్చి, మతగురువు వంటివాటిని అసలు పేర్లతో పిలవక, సముద్రం మీద మాత్రమే వాడే వేరే పేర్లు పెట్టుకున్నారు. ఆ వేట ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు: 1881 జూలైలో ఒక్క తుఫానులో 10 పడవలు, 58 మంది మనుషులు పోయారు. ఫారో దీవుల భాషావేత్త యాకోబ్ యాకోబ్సెన్ 1893–95 మధ్య అక్కడ తిరిగి ఆ మాటలను సేకరించి ఉండకపోతే వాటిలో అనేకం మనకు దక్కేవి కావు.

మన తీరంలో ఇంతకంటే లోతైన విషయం ఒకటుంది. విశాఖపట్నం తీరంలోని జాలరుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త చార్లెస్ నకల్స్ రాసినదాని ప్రకారం, వేట దెబ్బతిన్నా ఇంట్లో జబ్బు చేసినా అమ్మవారి ఆగ్రహమే కారణమని తలచి, కారణం చూసి చెప్పే దాసుడి దగ్గరికి వెళ్ళి అడుగుతారు. ఆ ఆగ్రహానికి మూలమైన మొక్కుబడి ఎందుకు తప్పిందని విచారిస్తే, తరచుగా అన్నదమ్ముల మధ్య తగాదా బయటపడుతుంది. అందుచేత ‘ఏ అపశకునం జరిగింది’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా, ఆ రోజుల్లో పడవలో భాగస్వాములు ఎవరెవరు, పంపకంలో ఎవరికి ఎవరితో మాటలు లేవు అని మెల్లగా తెలుసుకోవాలి. ఈ భాగం రాసేటప్పుడు పేర్లు, ఇళ్ళ గుర్తులు తీసివేయడం తప్పనిసరి. ఊళ్ళో సర్దుబాటైన తగాదాను మీ వ్యాసం మళ్ళీ రేపకూడదు.

స్త్రీ పడవ ఎక్కకూడదనే నమ్మకం ప్రపంచంలో చాలా తీరాల్లో ఉంది. దాన్ని మగవారి నోట మాత్రమే విని రాయడం సగం పని. చేపలు అమ్మేదీ, డబ్బు లెక్క చూసేదీ ఆడవారే అయిన ఇళ్ళలో వారిని విడిగా కూర్చోబెట్టుకొని అడగండి.

విన్న ప్రతి కథనూ నమ్మవద్దు. శుక్రవారం ప్రయాణం చెడ్డదనే భయాన్ని పోగొట్టాలని బ్రిటిష్ నౌకాదళం ‘ఫ్రైడే’ అనే ఓడను శుక్రవారమే కట్టడం మొదలుపెట్టి శుక్రవారమే పంపిందనీ, అది మళ్ళీ కనిపించలేదనీ ఒక కథ తిరుగుతూ ఉంటుంది. ఆ నౌకాదళంలో ఆ పేరుగల ఓడ ఎన్నడూ లేదు. దానికి భిన్నంగా, లండన్ బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర 1962లో బయటపడిన రోమన్ కాలపు పడవలో తెరచాప స్తంభాన్ని నిలిపే గుంటలో అదృష్టదేవత బొమ్మ ఉన్న నాణెం దొరికింది. ఇది కళ్ళెదుట ఉన్న సాక్ష్యం. మీ పుస్తకంలో కూడా చూసినది, చేసినవారు చెప్పినది, ఎవరో అన్నారని విన్నది అని మూడు గళ్ళు గీసుకోండి. నిషేధాన్ని మీరినప్పుడు ఏమైందని అడగడం మరవకండి; ఏమీ కాలేదన్న జవాబును కూడా అంతే శ్రద్ధగా రాయాలి.

పడవకు కట్టిన నిమ్మకాయలు, వేపమండలు, పసుపు కుంకుమలను అడగకుండా ఫోటో తీయవద్దు, ఆరబెట్టిన వలను దాటవద్దు. రాత ముగిశాక అదే రేవుకు వెళ్ళి, చెప్పినవారికి చదివి వినిపించి, వారు తీసేయమన్నది తీసేసిన తరువాతే అచ్చుకు పంపండి.