బడి కబురు ప్రతి ఇంటికీ చేరాలంటే

40 మంది పిల్లలున్న ఊరి బడిలో కబురు చెప్పడానికి ఏర్పాట్లేమీ అక్కర్లేదు. సాయంత్రం గేటు దగ్గర నలుగురు తల్లులకు చెబితే పొద్దుపోయేలోగా ఊరంతా తెలిసిపోతుంది. అదే బడిలో పిల్లలు 110 మంది అయ్యి, పక్క ఊళ్ల నుంచి, తండాల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు కలిశాక ఆ పద్ధతి పనిచేయదు. గేటు దగ్గరికి రానివాళ్లే ఎక్కువవుతారు. కబురు అందనివి కూడా ఎక్కువగా కొత్తగా చేరినవాళ్ల ఇళ్లే.

ముందు ఫోన్ నంబర్ల పట్టిక సరిచేయండి. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నది చాలాసార్లు పట్నంలో పనిచేసే నాన్న నంబరు. పిల్ల ఉండేది అమ్మమ్మ దగ్గర. అందుకే ఒక నోటుబుక్కులో విడిగా రాసుకోవాలి: పిల్ల పేరు, తరగతి, ఇంట్లో పిల్లను చూసుకునేది ఎవరు, పగలు ఇంట్లో ఉండే ఫోన్ నంబరు, అందులో వాట్సాప్ ఉందా, చదవగలిగేవాళ్లు ఉన్నారా, ఫోన్ కలవకపోతే పక్కింటివాళ్ల నంబరు. ఇంట్లో ఉండే ఫోన్ నుంచే బడి నంబరుకు మిస్డ్‌కాల్ ఇప్పించి, అది చూసి రాసుకుంటే తప్పు దొర్లదు. రీఛార్జి అయిపోతే సిమ్ మార్చేసే ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి జూన్ చివర ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి పట్టికను మళ్లీ సరిచూడాలి.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టును నమ్ముకోవద్దు. మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది, అందనివాళ్ల సంగతి మీకు తెలియదు. తరగతికో గ్రూప్ పెట్టి, అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చండి. లేకపోతే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద ఆధార్ క్యాంపు తేదీ కొట్టుకుపోతుంది. తల్లిదండ్రుల నోరు కట్టేసినట్టు కాకుండా, ఏ నంబరుకు ఏ వేళల్లో ఫోన్ చేయొచ్చో గ్రూప్ వివరాల్లో రాసి పెట్టండి.

ఇక మెసేజ్ రాయడం. పై నుంచి వచ్చిన సర్క్యులర్‌ను ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. "ఉన్నతాధికారుల ఆదేశాల మేరకు" అన్న తొలి ముక్క దగ్గరే చదవడం ఆపేస్తారు. ఒక మెసేజ్‌లో ఒకే విషయం ఉండాలి. ఎవరికి, ఎప్పుడు, ఏం తేవాలి, డబ్బు కట్టాలా, రాలేకపోతే ఏం చేయాలి, ఇవి చాలు. ఇలా:

"1వ తరగతి పిల్లల అమ్మానాన్నలకు. జులై 17, గురువారం ఉదయం 10 గంటలకు బడిలో ఆధార్ క్యాంపు. 5 ఏళ్లు నిండిన పిల్లల వేలిముద్రలు, కళ్లు నమోదు చేస్తారు. పిల్ల ఆధార్ కార్డు తీసుకుని అమ్మగానీ నాన్నగానీ రావాలి. డబ్బు కట్టనక్కర్లేదు. రాలేనివాళ్లు బుధవారం సాయంత్రంలోగా టీచరుకు చెప్పండి."

ఇందులో 'రేపు' అన్న మాట లేదు చూడండి. రాత్రి పంపింది కొందరు మర్నాడు మధ్యాహ్నం చూస్తారు. వాళ్ల లెక్కలో 'రేపు' ఇంకో రోజు అవుతుంది. పోయినేడు వానల సెలవు మెసేజ్ ఈ ఏడు మళ్లీ తిరగడమూ అందుకే. ప్రతి మెసేజ్‌లో తేదీ, వారం రెండూ రాయండి.

చదవలేని ఇళ్ల కోసం అదే మెసేజ్‌ను 30 సెకన్ల వాయిస్‌గా కూడా పంపాలి. తండా పిల్లలు ఎక్కువగా ఉంటే లంబాడీలో చెప్పగల తల్లి ఎవరైనా ఉన్నారేమో అడగండి. ఆ గొంతు వినగానే వాళ్లు ఆగి వింటారు. వాట్సాప్ లేని ఇళ్లకు చీటీ ఇవ్వాలి. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే 110 మందికి 28 కాగితాలు సరిపోతాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే బడిలో ఉంటే పెద్దవాళ్లకు ఒక్కరికే ఇవ్వండి. చీటీ సంచిలోనే నలిగిపోకుండా, మర్నాడు ఇంట్లోవాళ్ల సంతకంతోనో వేలిముద్రతోనో వెనక్కి తెప్పించుకోవాలి. తిరిగి రాని చీటీల ఇళ్లకు మాత్రం ఫోన్ చేస్తే చాలు. ఫోన్ కూడా కలవకపోతే బడి కమిటీ సభ్యులను కదపండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. వాడకు ఒకరు చొప్పున పది ఇళ్లు అప్పగిస్తే కాదనరు.

ఉపాధి పనికి, కూలికి వెళ్లేవాళ్లు తెల్లవారుతూనే బయల్దేరతారు. కాబట్టి రాత్రి 7, 8 గంటల మధ్య పంపడం మేలు.

బడి పెరుగుతున్నప్పుడు తల్లిదండ్రులకు ఎక్కువ గుబులు పుట్టించేది గదుల, టీచర్ల మార్పు. మూడో తరగతిని రెండో తరగతితో కలిపి కూర్చోబెట్టారని పిల్లల నోట వింటే, బడి చెడిపోతోందనే అనుకుంటారు. మార్చకముందే కారణం చెప్పేయండి. చట్టంలోని లెక్క అందరికీ అర్థమయ్యేదే: 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు. పిల్లలు పెరిగిన రోజే టీచరు రారు. "నాలుగో టీచరు కోసం రాశాం, ఇంకా రాలేదు, అప్పటిదాకా 2, 3 తరగతులు ఒకే గదిలో" అని ఉన్నది ఉన్నట్టు చెబితే తల్లిదండ్రులు బడి పక్కనే నిలబడతారు. తారీఖు తెలియకుండా మాట మాత్రం ఇవ్వొద్దు.

గ్రూప్‌లో పెట్టకూడనివీ ఉన్నాయి. బడికి రాని పిల్లల పేర్లు, మార్కులు, ఒక పిల్ల మీద ఇంకో తల్లి ఫిర్యాదు పెట్టొద్దు. అవి ఆ ఇంటికి మాత్రమే ఫోన్‌లో చెప్పాల్సిన విషయాలు. ఫొటోలకు అడ్మిషన్ రోజునే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. పిల్లకు జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా మెసేజ్ పెట్టి ఊరుకోకూడదు, ఫోన్ ఎత్తేదాకా చేయాలి.

వానలకు హఠాత్తుగా సెలవిస్తే మెసేజ్ పంపాక కూడా ఒక టీచరు మామూలు వేళకే బడికి రావాలి. ఆటో డ్రైవర్ల నంబర్లు పట్టిక చివరి పేజీలో ఉంచుకుని ముందు వాళ్లకే ఫోన్ చేయండి. అప్పటికే బయల్దేరిన పిల్లలు వస్తే లోపల కూర్చోబెట్టి, ఇంటి నుంచి ఎవరైనా వచ్చాకే పంపాలి.