తుఫాను రాత్రికి బ్యాటరీ, మర్నాటికి సోలార్ ప్యానెల్

2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న తీరం దాటింది. మరుసటి ఏడాది హుద్‌హుద్ కూడా సరిగ్గా అదే తేదీన వచ్చింది. 2018లో తిత్లీ ఒక్కరోజు ముందుగా, 11 తెల్లవారుజామున పలాస దగ్గర విరుచుకుపడింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ వరసగా ఒరిగిపోయాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అందుకే దసరా దగ్గరపడుతుంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లం టార్చిలైట్లు వెతుక్కుంటాం. ఈమధ్య పోర్టబుల్ పవర్ స్టేషన్, అంటే బ్యాటరీ, ఇన్వర్టర్, ప్లగ్గులు అన్నీ ఒకే పెట్టెలో ఉండే పరికరం, కొందామా అన్న ప్రశ్న కూడా ఇళ్లలో వినిపిస్తోంది.

కొనేముందు ఒక మాట. ఇంట్లో ఇప్పటికే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టర్ బాగా పనిచేస్తుంటే కొత్తది కొనే తొందర అక్కరలేదు. అయితే ఆ బ్యాటరీ యాభై, అరవై కిలోల బరువు. నాగావళి, వంశధార పొంగి నీళ్లు గుమ్మం దాటితే దాన్ని కదిలించలేరు. పవర్ స్టేషన్‌ను మాత్రం ఒక మనిషి మేడ మీదికో తుఫాను షెల్టర్‌కో మోసుకుపోగలడు. ఆ సౌకర్యం అవసరమైన ఇంటికే ఇది తగిన ఖర్చు.

ఈ పెట్టె మీద రెండు అంకెలుంటాయి. వాట్లు ఒకేసారి ఎంత కరెంటు లోడు మోయగలదో చెబుతాయి, వాట్-అవర్లు ఎంతసేపు మోయగలదో చెబుతాయి. కరెంటు బిల్లులోని ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్-అవర్లే. అంటే వెయ్యి వాట్-అవర్ల పెట్టె కొంటే ఒక యూనిట్ దాచుకున్నట్టు. మార్పిడిలో కొంత పోగా చేతికి దక్కేది 850 దాకా. మామూలు సీలింగు ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది. రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే 1500. పెట్టె అర్ధరాత్రి దాటాక చేతులెత్తేస్తుంది. అదే తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లయితే 600తో తెల్లారుతుంది, బల్బులకూ ఫోన్లకూ ఇంకా మిగులుతుంది. కాబట్టి నా లెక్కలో ముందు కొనవలసినవి ఫ్యాన్లు, తరువాతే పెట్టె. ఫ్యాన్ల వల్ల ఏడాది పొడుగునా బిల్లు కూడా తగ్గుతుంది.

నీళ్ల మోటారు మీద ఆశ పెట్టుకోకండి. అరహార్స్‌పవర్ మోటారు కూడా మొదలయ్యే క్షణంలో మామూలు కంటే మూడు నాలుగు రెట్లు లాగుతుంది, చిన్న పెట్టె దానికి ఆగిపోతుంది. హెచ్చరిక రాగానే ట్యాంకు, డ్రములు, బిందెలు నింపుకోవడమే ఉపాయం. ఫ్రిజ్‌కీ మొదట్లో ఆ లాగుడు ఉంటుంది కాబట్టి పెట్టె సర్జ్ అంకె (క్షణకాలం ఎన్ని వాట్లు ఇవ్వగలదో చెప్పేది) చూడాలి. మందుల కోసమైతే గంటసేపు నడిపి ఆపి, తలుపు తీయకుండా ఉంచవచ్చు. ఫోన్లను నేరుగా యూఎస్‌బీకి పెట్టండి. పెట్టె మీద మామూలు ప్లగ్గులు పెట్టే వైపు స్విచ్ ఊరికే వేసి ఉంచితే ఏమీ నడవకపోయినా గంటకు పది, ఇరవై వాట్-అవర్లు కరిగిపోతాయి.

బ్యాటరీ రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని రాసి ఉందో లేదో చూడండి. ఎక్కువ ఏళ్లు వస్తుంది, వేడికి తట్టుకుంటుంది. ప్యూర్ సైన్ వేవ్, అంటే ఇంటి కరెంటులాగే నున్నటి అలగా కరెంటు ఇచ్చేది, కానిది వద్దు. విశాఖలోనైనా సర్వీసు సెంటర్ లేని బ్రాండ్ ఎంత చవకైనా వద్దు.

ఇక పెట్టెను ఎండతో నింపే సోలార్ ప్యానెల్. తుఫాను రోజున దీని వల్ల ఉపయోగం దాదాపు లేదు. మబ్బు కమ్మితే ఉత్పత్తి పదో పరకో. పైగా తాళ్లతో మేడ మీద కట్టి వదిలితే గంటకు 140 కిలోమీటర్ల గాలికి అది ఎగిరే కత్తి. హెచ్చరిక రాగానే దించి లోపల పెట్టాలి, పెట్టెను గోడ ప్లగ్గు నుంచే నూటికి నూరూ నింపుకోవాలి. ఎండ వచ్చిన రోజున 200 వాట్ల ప్యానెల్ 600, 700 వాట్-అవర్లు ఇస్తుంది. ఒక్క కొబ్బరి మట్ట నీడ పడినా అందులో పెద్ద కోత పడుతుంది, అందుకే నీడను బట్టి పూటపూటకూ జరుపుతూ ఉండాలి.

ఇళ్ల కప్పులకు వేసే 540 వాట్ల పెద్ద ప్యానెల్ చవక కదా అని తెచ్చి చిన్న పెట్టెకు తగిలించకండి. దాని వోల్టేజి 50 దగ్గర ఉంటుంది. చాలా చిన్న పెట్టెలు 28 దాటితే తట్టుకోలేవు. ప్యానెల్ వెనుక చీటీలో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (దేనికీ తగిలించనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజి), పెట్టె సోలార్ ఇన్‌పుట్ గరిష్ఠం రెండూ పోల్చాకే డబ్బు చెల్లించండి. రెండు ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌కు రెండోదాని మైనస్ తగిలించి, కలిపితే వోల్టేజి రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి.

‘మా కప్పు మీద సూర్యఘర్ పథకం సోలార్ ఉంది, మాకేం’ అనుకునేవారికి: బ్యాటరీ లేని ఆ ఏర్పాటు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. తీగ పట్టుకున్న లైన్‌మన్ ప్రాణం కోసమే అలా తయారుచేశారు. ఇదే కారణంతో, రెండు వైపులా పిన్నులున్న తీగతో పెట్టె కరెంటును గోడ సాకెట్లోకి ఎక్కించే పని ఎవరు చెప్పినా చేయకండి. మెయిన్ దించడం మరిచిపోతే ఆ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెనక్కి వెళ్తుంది. ఫ్యాన్‌నో బల్బునో నేరుగా పెట్టెకే తగిలించండి.

పెట్టెను నేల మీద కాకుండా బల్ల మీద, గాలి ఆడే చోట ఉంచండి. వాన పడుతోందని నడుస్తున్న పెట్టెకు టార్పాలిన్ చుట్టవద్దు. నీళ్లలో మునిగినదాన్ని ఎండబెట్టి చూద్దామని మళ్లీ ఆన్ చేయవద్దు.

సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం మెయిన్ దించేసి, తెల్లవారే దాకా పెట్టె మీదే ఇల్లు గడిపి చూడండి. పిల్లలు టీవీ ఎందుకు పెట్టకూడదని అడిగేది ఆ రాత్రే, మీ లెక్క ఎక్కడ తప్పిందో తెలిసేదీ ఆ రాత్రే. తప్పింది దిద్దుకోవడానికి అప్పటికి ఇంకా వ్యవధి ఉంటుంది.