కారుకు రిమోట్ స్టార్టర్‌ను మీరే బిగించుకోవడం ఎలా?

జనవరిలో మిషిగన్‌లోనో మినసోటాలోనో ఉండే తెలుగువారికి రిమోట్ స్టార్టర్ ఎందుకో వివరించనక్కర్లేదు. ఇంట్లోంచే బటన్ నొక్కితే ఇంజిన్ స్టార్టయి, మనం బూట్లు తొడుక్కుని బయటికి వచ్చేసరికి అద్దం మీద మంచు వదులవుతుంది. మల్టీమీటర్ పట్టుకోవడం, వైర్లు కలపడం తెలిసినవారు ఒక సెలవు రోజు కేటాయిస్తే దీన్ని బిగించుకోవచ్చు. అయితే కొనేముందు మీ తాళంచెవినీ, కారు కంపెనీ యాప్‌నూ ఒకసారి చూడండి. ఈ సదుపాయం చాలా కొత్త కార్లలో ముందే ఉంటుంది.

గేర్లు చేత్తో మార్చే కారైతే ఈ పని పెట్టుకోకండి. గేరులో వదిలేసిన కారు, స్టార్టర్ తిరగగానే ముందుకు దూకుతుంది. హైబ్రిడ్ కారైతే దానికి సరిపడే కిట్టే కావాలి. లీజు కారు జోలికి అసలు వెళ్లకండి.

కొనేటప్పుడు

మోడల్, సంవత్సరం, తాళంచెవి రకం చెప్పి మూడు వస్తువులు తీసుకోవాలి: స్టార్టర్ మాడ్యూల్, ఇమ్మొబిలైజర్ బైపాస్, టీ-హార్నెస్. కొన్ని కిట్లలో మొదటి రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఇమ్మొబిలైజర్ అంటే దొంగతనాన్ని అడ్డుకునే ఏర్పాటు: తాళంచెవిలోని చిప్‌ను గుర్తించకపోతే కారు స్టార్ట్ కాదు, లేదా స్టార్టయిన వెంటనే ఆగిపోతుంది. రిమోట్‌తో స్టార్ట్ చేసేటప్పుడు దీన్ని దాటించేదే బైపాస్. కెనడాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. పూర్వం దీన్ని దాటడానికి ఒక అదనపు తాళంచెవిని డ్యాష్‌బోర్డు వెనుక దాచేవారు. దొంగకు అంతకంటే మంచి కానుక ఉండదు. ఇప్పటి బైపాస్‌లు కారు డేటా లైన్‌తోనే మాట్లాడతాయి.

టీ-హార్నెస్ ఇగ్నిషన్ స్విచ్‌కూ దాని కనెక్టర్‌కూ మధ్య దూరిపోతుంది కాబట్టి ముఖ్యమైన వైర్లను కోయనక్కర్లేదు. ధర కాస్త ఎక్కువైనా మొదటిసారి చేసేవారు దీన్ని వదులుకోకూడదు.

వైర్లు గుర్తించడం

స్టీరింగ్ కింది ప్యానెల్‌ను ప్లాస్టిక్ పనిముట్టుతో విప్పండి. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని తాకవద్దు. బల్బు టెస్టర్ కరెంటు లాగి కంప్యూటర్‌ను పాడుచేయవచ్చు కాబట్టి డిజిటల్ మల్టీమీటరే వాడండి.

కిట్ కంపెనీ ఇచ్చే వైరింగ్ చార్టులో రంగులు ఉన్నా, ప్రతి వైరునూ కొలిచి చూడండి. అసలు పని ఇదే. ఎప్పుడూ 12 వోల్టులు చూపేది బ్యాటరీ వైరు. తాళంచెవి ఆన్‌లో ఉన్నప్పుడూ, స్టార్ట్‌కు తిప్పినప్పుడూ 12 వోల్టులు నిలిచేది ఇగ్నిషన్. ఆన్‌లో ఉండి, స్టార్ట్‌కు తిప్పగానే సున్నాకు పడేది యాక్సెసరీ. స్టార్ట్‌లో మాత్రమే మేలుకునేది స్టార్టర్ వైరు. బ్రేకు తొక్కినప్పుడే వోల్టేజి వచ్చేది బ్రేకు వైరు.

కలపడం

1. బ్యాటరీ నెగెటివ్ విప్పి, కారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగండి.

2. గ్రౌండ్ వైరును రంగు గీకిన లోహానికి గట్టిగా బిగించండి. చిత్రమైన లోపాలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

3. కోసి కలపాల్సినవి ఉంటే సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. మెలిపెట్టి టేపు చుడితే, వేసవి వేడికి టేపు జిగురు జారిపోతుంది. కిట్‌తో వచ్చిన ఫ్యూజులను తీసేయకండి.

4. బ్రేకు వైరునూ, బానెట్ తెరిచి ఉంటే స్టార్ట్ కానివ్వని హుడ్ పిన్ స్విచ్‌నూ తప్పక కలపండి. బద్ధకించి వదిలేసేవారు చాలామంది ఉంటారు. మెకానిక్ చెయ్యి ఫ్యాను బెల్టు దగ్గర ఉండగా ఇంట్లో పిల్లలు రిమోట్ నొక్కితే, అడ్డుపడేది ఆ చిన్న పిన్ ఒక్కటే.

5. పెట్టెనూ వైర్లనూ పెడళ్లకు, స్టీరింగ్ కడ్డీకి దూరంగా కట్టేయండి. బ్యాటరీ కలిపి, మాన్యువల్ ప్రకారం బైపాస్‌ను ప్రోగ్రామ్ చేయండి.

పరీక్షించడం

కారును ఆరుబయటికి తెండి. గరాజ్ తలుపు తెరిచినంత మాత్రాన కార్బన్ మోనాక్సైడ్ పూర్తిగా పోదు. రిమోట్‌తో స్టార్ట్ చేశాక, తాళంచెవి లేకుండా బ్రేకు తొక్కితే ఇంజిన్ ఆగాలి. బానెట్ తెరిచి ఉంటే స్టార్ట్ కాకూడదు.

పాత కార్లకు, ముఖ్యంగా గేరు మీట స్టీరింగ్ పక్కన ఉండేవాటికి మరో పరీక్ష కావాలి. ముందు ఎవరూ లేని ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ నడవకుండా గేరును డ్రైవ్‌లో పెట్టండి. పాదాన్ని బ్రేకు పైన తాకించకుండా సిద్ధంగా ఉంచి రిమోట్ నొక్కండి. స్టార్టర్ తిరిగితే వెంటనే బ్రేకు తొక్కి ఆపేయండి. ఆ లోపం సరిచేసేదాకా రిమోట్ వాడవద్దు.

వారంటీ సంగతి: అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి పరికరం పెట్టారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీని నిరాకరించలేదు. మీ వైరింగ్ వల్లే నష్టం జరిగిందని తేలితే మాత్రం ఖర్చు మీదే. వీధిలో మనిషి లేకుండా ఇంజిన్ నడపడంపై మీ ఊరి నిబంధన కూడా చూసుకోండి.

చాలా కార్లలో రాత్రి వదిలిన హీటరు అమరికే పొద్దున పనిచేస్తుంది. అందుకని దిగేముందు గాలిని ముందు అద్దానికి తిప్పి, వైపర్లను ఆపేయండి. గడ్డకట్టి అతుక్కున్న వైపర్లు కదలబోతే వాటి మోటారు దెబ్బతినవచ్చు.