క్రౌలీ సరస్సు రాతి స్తంభాలు చూసి రావడం ఎలా? (పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లే బెజవాడ, గుంటూరు వాళ్లకు)

వేసవి వచ్చిందంటే మన బెజవాడ, గుంటూరు వీధుల్లో ఎవరో ఒకరు అమెరికా సూట్‌కేసులు తూకం వేస్తూనే ఉంటారు. గోల్డెన్ గేట్ వంతెన, హాలీవుడ్ ఎటూ చూపిస్తారు. తూర్పు సియెర్రా కొండల దగ్గర క్రౌలీ సరస్సు ఒడ్డున ఉన్న రాతి స్తంభాల ఊసు మాత్రం పెద్దగా ఎవరూ ఎత్తరు. అక్కడిదాకా తారు రోడ్డు లేదు మరి.

సుమారు 7,60,000 ఏళ్ల కిందట లాంగ్ వ్యాలీ అగ్నిపర్వతం పేలి ఆ ప్రాంతమంతా వేడి బూడిద పరిచింది. మంచు కరిగిన నీళ్లు అందులోకి ఇంకి, మరిగి, ఆవిరై పైకి తన్నుకొచ్చాయి. అత్తెసరు అన్నం మీద ఆవిరి బొక్కలు పడతాయి చూడండి, ఇంచుమించు అదే పని. ఆవిరి తిరిగిన చోట ఖనిజాలు పేరుకుని బూడిద గట్టిపడింది. 1941లో లాస్ ఏంజెలిస్ నీటి అవసరాల కోసం ఆనకట్ట కట్టాక, సరస్సు అలలకు చుట్టూ ఉన్న మెత్తటి భాగం కొట్టుకుపోయి స్తంభాలు బయటపడ్డాయి. ఈ ఆవిరి లెక్క తేల్చింది 2015లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు. కొన్ని స్తంభాలు 20 అడుగుల దాకా ఉంటాయి. దగ్గరికెళ్తే ఒంటి నిండా అడుగుకొకటి చొప్పున అడ్డగీతలు, పైన కమానులా కలిసిన కప్పు కనిపిస్తాయి. ఉండవల్లి గుహలు చూసిన కళ్లకు ఇవీ ఎవరో ఉలితో చెక్కినవే అనిపిస్తాయి.

ముందు నెల చూసుకోండి

అసలు చిక్కంతా ఇక్కడే. మనవాళ్లు మన ఎండలు తప్పించుకుందామని ఏప్రిల్, మే నెలల్లో విమానం ఎక్కుతారు. సరిగ్గా ఆ తర్వాతే అక్కడ కొండల మీది మంచు కరిగి సరస్సు నిండుతుంది, స్తంభాల మొదళ్లు నీళ్లలోకి పోతాయి. కాబట్టి దిగగానే దీనికి పరుగెత్తకండి. ఆరు నెలలు ఉండేవాళ్లయితే తిరుగు ప్రయాణానికి ముందు, సెప్టెంబరు, అక్టోబరుల్లో పెట్టుకోండి. అప్పటికి నీరు తగ్గి ఒడ్డు వెంట నడిచే వీలుంటుంది. బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) నుంచి యోసెమిటీ జాతీయ వనం మీదుగా వచ్చే టియోగా కనుమ దారి కూడా మామూలుగా అప్పుడు తెరిచే ఉంటుంది. చలికాలంలో మూసేస్తారు.

తర్వాత బండి

లాస్ ఏంజెలిస్ నుంచి 395 నంబరు హైవే మీద ఐదు గంటలు. బిషప్, మామత్ లేక్స్ ఊళ్ల మధ్య ఓవెన్స్ గార్జ్ రోడ్డు వైపు తిరిగి, ఆనకట్ట దాటితే మట్టి దారి మొదలవుతుంది. ఇసుక, గోతులు, రాళ్లు. నేల నుంచి ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటేనే లోపలికి పోనివ్వండి. అద్దె కారయితే ఒప్పందం చదవండి, మట్టి దారుల్లో తిప్పకూడదని చాలావాటిలో ఉంటుంది. ఆపేసి నడవడమే మేలు. అల్లుడుగారు ఎంత ధైర్యం చెప్పినా సరే! మ్యాపు ముందే ఫోన్‌లో దింపుకోండి, సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

నడక

బండి ఎక్కడ ఆగిందన్న దాన్నిబట్టి ఒక్కోవైపు మూడు కిలోమీటర్ల దాకా నడవాలి. చివర్లో ఒడ్డుకు దిగే ఇసుక వాలు మోకాళ్లకు పరీక్ష. దిగడం కన్నా తిరిగి ఎక్కడమే కష్టం. పైగా సరస్సు రెండు వేల మీటర్ల పైన ఉంది. కృష్ణ ఒడ్డున పెరిగిన ఊపిరితిత్తులకు ఆయాసం త్వరగా వస్తుంది. అందుకే ముందురోజు రాత్రి మామత్‌లోనో బిషప్‌లోనో బస చేయండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు బయల్దేరేముందే డాక్టరును అడగాలి.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, పట్టున్న బూట్లు తప్పనిసరి. నీడ లేదు, మరుగుదొడ్డి లేదు, కొట్టు లేదు. అక్టోబరులో సాయంత్రమయ్యేసరికి చలి కొరుకుతుంది, స్వెట్టర్ పట్టుకెళ్లండి. పులిహోర డబ్బా బాగా పనికొస్తుంది కానీ ఆకు, కవరు ఏదీ అక్కడ వదలకూడదు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టేముందు చూసుకోండి, ఆ ప్రాంతంలో గిలకపాములు (రాటిల్‌స్నేక్ అనే విషపాములు) తిరుగుతాయి. స్తంభాలు ఎక్కడం, పేర్లు చెక్కడం వద్దు. మెత్తటి రాయి, రాలిపోతుంది.

మోకాళ్లు ఒప్పుకోకపోతే

మామత్ పక్కనే డెవిల్స్ పోస్ట్‌పైల్ ఉంది. లావా చల్లారి పగిలిన కోణాల స్తంభాలు 60 అడుగుల దాకా ఉంటాయి, నడక తక్కువ. మంచు కురిసే కాలంలో దారి మూసేస్తారు, వేళలు కనుక్కుని వెళ్లండి. సరస్సు ఒడ్డే కావాలనుకుంటే ఉత్తరాన మోనో సరస్సు ఉంది. అక్కడివి అగ్నిపర్వతం తాలూకు రాళ్లు కావు, సున్నపురాయి గోపురాలు. ఆ సరస్సు దక్షిణపు ఒడ్డున సౌత్ టూఫా అనే చోట చదునైన బాట మీద పెద్దవాళ్లు కూడా నెమ్మదిగా చుట్టి రావచ్చు.