అనంతపురం నుంచి ఒహైయో వెళ్లినవారికి: పెరట్లో తడి మూల ఉంటే

అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఆరేళ్లు ఉండి అనంతపురం తిరిగొచ్చాను. మా వీధి పిల్లలు ఒక్కొక్కరే అక్కడ ఇళ్లు కొంటున్నారు. వీడియో కాల్‌లో పెరడు చూపించి, "అత్తా, ఈ మూల ఎప్పుడూ చిత్తడిగానే ఉంటుంది, ఏం చేద్దాం?" అని అడుగుతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన చూసిన ఊరివాళ్లం, తడి నేల దొరికితే టెన్షన్ ఎందుకమ్మా! మట్టి పోసి పూడ్చకండి. కాస్త ఎండ తగిలితే చాలు, స్వాంప్ మిల్క్‌వీడ్, జో పై వీడ్ అనే అక్కడి అడవి పూలు ఆ మూలను ఇష్టపడతాయి. ఒకసారి నాటుకుంటే ఏటా అవే చిగురిస్తాయి.

విత్తనాలు అక్కడే కొనండి. ధ్రువపత్రం లేకుండా ఇక్కడివి పట్టుకెళితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

విత్తడంలో మాత్రం మన లెక్క పనికిరాదు. ఇక్కడ ముంగారు వాన పడి పదునైతే చెనిక్కాయలు వేస్తాం, నాలుగు రోజులు ఎదురుచూస్తే మొలకలు. నేను అక్కడా అలాగే మే నెలలో చల్లి, జూలై దాకా నీళ్లు పోశాను. ఒక్కటీ మొలవలేదు. పాత గింజలు అంటగట్టాడని అమ్మినాయన్ని తిట్టుకున్నాను, పాపం. ఆ గింజలకు తడిలో చలి తగిలితేనే నిద్ర వదులుతుంది. లేదంటే చలికాలం ముందే మొలిచి మంచుకు చచ్చిపోవూ!

నవంబరులో నేల మీద చల్లి వదిలేస్తే చలికాలమే ఆ పని చేసిపెడుతుంది. ఆ నెల దాటిపోతే తడి టిష్యూలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మిల్క్‌వీడ్‌కు నెల, జో పై వీడ్‌కు నెల నుంచి రెండు నెలలు. కవర్ మీద పేరు రాయండి, లేకపోతే ఇంట్లోవాళ్లు చెత్తలో వేస్తారు. జో పై వీడ్ గింజకు వెలుతురు కావాలి, మట్టి కప్పకుండా అరచేత్తో అదమండి.

మొదటి ఏడాది ఆకులే, పూలు రెండో ఏటనో మూడో ఏటనో. జో పై వీడ్ ఆరేడు అడుగులు పోతుంది, వెనక వరసలో పెట్టండి. కాలనీ సంఘం ఉంటే ముందే అడగండి, కలుపనుకుని నోటీసు ఇస్తారు. మిల్క్‌వీడ్ వసంతంలో అన్నిటికన్నా ఆలస్యంగా లేస్తుంది, చచ్చిందని తవ్వేయకండి. నేను తవ్వేశాను.

అది మన జిల్లేడు కుటుంబమే. తుంచితే పాలు కారతాయి, కంట్లో పడనీయకండి. ఇక్కడ జిల్లేడు మీద గుడ్లు పెట్టే నారింజ సీతాకోకకు దాయాది అయిన మొనార్క్ అక్కడ దీని మీద పెడుతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చే చారల పురుగులు ఆకులన్నీ తినేసినా మందు కొట్టకండి, చిగుళ్లు మళ్లీ వస్తాయి.