మామిడితోటలో పైడికంటికి గూడుపెట్టె

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ముసలి మామిడిచెట్లు కొట్టేసిన తోటల్లో పైడికంటికి తొర్రలు దొరకవు. గోరింకంత ఉండే ఈ చిన్న గుడ్లగూబ ఎలుకల్ని, పురుగుల్ని తింటుంది. ఇంటిమీద వాలితే కీడని తరిమేస్తుంటారు గానీ, తోటకు ఇంత మేలుచేసే పిట్ట అరుదు.

ఫిన్లాండ్ సూదాకుల అడవుల్లో దీని దూరపు చుట్టం బొరియల్ గుడ్లగూబ మనుషులు కట్టిన పెట్టెల్లో పిల్లల్ని చేస్తుంది. అక్కడి పెట్టె చలికి తట్టుకోవాలి, మనది ఎండకు. అందుకే రేకుపెట్టె వద్దు, పిల్లలు ఉడికిపోతాయి. ప్లైవుడ్ వానకు ఉబ్బి విడిపోతుంది. 2 సెం.మీ. మందం వేపచెక్క మేలు.

లోపల అడుగు 20×20 సెం.మీ., ముందుపలక ఎత్తు 35, వెనకపలక 40. మూత ముందుకు వాలి, రంధ్రం మీదుగా 6 సెం.మీ. బయటికి రావాలి. రంధ్రం వెడల్పు 7 సెం.మీ., దాని కింది అంచు అడుగునుంచి 22 సెం.మీ. ఎత్తులో. రంధ్రం కింద లోపలివైపు ఉలితో గాట్లు పెట్టండి. నున్నటి చెక్కైతే పిల్లలు గోళ్ళు పట్టక పైకి ఎక్కలేవు. మూతకింద పక్కపలకలకు రెండేసి గాలిరంధ్రాలు, అడుగున నాలుగు మూలలా నీరు పోయే బెజ్జాలు. లోపల రంగు, వార్నిష్ పూయకండి.

ఈ పిట్ట గూడు అల్లుకోవడం తక్కువే. ఉత్త చెక్కమీద గుడ్లు దొర్లుతాయి, కాబట్టి 4 సెం.మీ. మందాన చిత్రిక పొట్టు పరవండి. రంపపు పొట్టైతే తడి పీల్చి ముద్దకడుతుంది.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టే కాలం, కనుక దసరాకు ముందే కట్టేయాలి. నేలకు 3 నుంచి 5 మీటర్ల ఎత్తులో, కొమ్మనీడలో, దక్షిణంవైపు ముఖంగా. పడమరైతే సాయంత్రపు ఎండ, ఈశాన్యమైతే కార్తీకపు జడివాన నేరుగా లోపలికి కొడతాయి. కట్టుతీగ కింద పాత సైకిల్ ట్యూబు వేయండి, లేకుంటే బెరడు కోసుకుపోతుంది.

గోరింకలు ముందు చేరి గడ్డి, గుడ్డపీలికలు కుక్కుతాయి. వాటి పిల్లలు ఎగిరాక ఆ చెత్త తీసేయండి, ఇంకోచోట రెండో పెట్టె కట్టండి. తోటలో బ్రోమాడయోలోన్ లాంటి ఎలుకల మందు మాత్రం వద్దే వద్దు. మందు తిన్న ఎలుకను తింటే పైడికంటీ చచ్చిపోతుంది.

పెట్టె తెరిచి చూడొద్దు. పొద్దుగూకే వేళ దూరంగా నిలబడితే చాలు, పసుపు కళ్ళతో తల పైకీ కిందికీ ఆడిస్తూ రంధ్రంలోంచి చూస్తుంది. చెట్టుకింద పురుగుల రెక్కలు, సన్నని ఎముకలు కలిసిన బూడిదరంగు ఉండలు పడుంటే కాపురం పెట్టినట్టే.